వింటి వీపుకు తగిన బద్ద



కర్ర విల్లు పాడయ్యే తీరులు రెండు. ఒకటి నెమ్మదిగా జరుగుతుంది. బాణాలు వేసేకొద్దీ విల్లు దిటవు తగ్గి, నారి విప్పాక కూడా వంగినట్టే ఉండిపోతుంది. అలాంటి వింటితో ఇంకా కొన్నేళ్లు ఆడుకోవచ్చు. బాణం మునుపటికంటే కాస్త ఇవతల పడుతుంది, అంతే. రెండోది క్షణంలో జరుగుతుంది. నారి బాగా లాగి పట్టినప్పుడు ఫెళ్లుమని విరిగి, ముక్క నెత్తిమీదికి వస్తుంది. మొదటి జబ్బు వింటి పొట్ట వైపు మొదలవుతుంది. రెండోది చాలావరకు వీపు వైపు మొదలవుతుంది. ఈ పూట నేను మాట్లాడేది ఆ వీపు గురించి, దానిమీద మనం అతికించే చెక్క బద్ద గురించి.

ముందు పేర్లు చెప్పుకుందాం. విల్లు ఎక్కుపెట్టి పట్టుకున్నప్పుడు మన ముఖం వైపు ఉండేది పొట్ట. గురి వైపు ఉండేది వీపు. పిడికిలి పట్టుకు పైనా కిందా వంగే భాగాలను రెక్కలు అందాం. నారి లాగితే వీపు సాగుతుంది, పొట్ట నొక్కుకుంటుంది. అప్పుడే తుంచిన పచ్చి వేపపుల్లను రెండు చేతులా పట్టుకుని వంచి చూడండి. బయటి వంపున బెరడు బిగుసుకుని చిట్లుతుంది, లోపలి వంపున ముడతలు పడుతుంది. వింట్లో జరిగేదీ అదే.

ఎంత సాగుతుంది? బాగా లాగిన కర్ర వింట్లో, వీపు మీద పది సెంటీమీటర్ల పొడవు కొలిచి గుర్తు పెట్టుకుంటే, అది ఇంచుమించు ఒక మిల్లీమీటరు సాగుతుంది. వినడానికి ఇది చిన్న సంగతే. కానీ మనింట్లో దూలానికో మంచం పట్టెకో వాడిన చెక్కకు, దాని జీవితకాలంలో అందులో పదోవంతు సాగే అవసరం కూడా అరుదుగానే వస్తుంది. పైగా రెక్క మందమంతా ఈ కష్టాన్ని సమంగా పంచుకోదు. మందాన్ని పది పాళ్లు చేస్తే, సాగుడు వైపు భారంలో దాదాపు సగం వీపు మీది పైపాలు ఒక్కటే మోస్తుంది. పొట్ట అడుగుపాలు కూడా తన వైపు అంతే మోస్తుంది. మధ్యనున్న చెక్క పని ఆ రెండింటినీ ఎడంగా నిలబెట్టి ఉంచడమే. అంటే విల్లు బతుకు వీపు మీది ఒకటి రెండు మిల్లీమీటర్లలో ఉంది. మూడు మిల్లీమీటర్ల బద్ద అతికించి వింటి స్వభావాన్నే మార్చగలగడానికి కారణం ఇదే.

చెట్టే తన వీపు బద్దను తనతో పెంచుకునే కలప ఒకటుంది. అది యూరప్ కొండల్లో పెరిగే యూ చెట్టు. దాని ఎర్రటి చేవ నొక్కుడుకు బాగా ఓరుస్తుంది. చేవ మీదున్న తెల్లచెక్క సాగుడుకు బాగా ఓరుస్తుంది. కర్రను చీల్చేటప్పుడు తెల్లచెక్క పలచగా వీపున, చేవ పొట్టన వచ్చేలా చూసుకుంటే రెండు చెక్కలు అతికించిన విల్లు సిద్ధమైనట్టే. 1545లో ఇంగ్లండు తీరంలో మునిగిపోయిన యుద్ధనౌక మేరీ రోజ్‌ను 1982లో పైకి తీశారు. అందులో దొరికిన వందకు పైగా నిండు విల్లులు ఈ యూ కర్రవే. ఈ కర్ర కోసం ఇంగ్లండు పడ్డ పాట్లు తక్కువేం కాదు. 1472లో ఏకంగా చట్టం చేసి, విదేశీ సరుకుతో వచ్చే ఓడలు టన్నుకు నాలుగు వింటి కర్రల చొప్పున తెచ్చి తీరాలన్నారు.

అమెరికాలో ఆ స్థానం ఓసేజ్ ఆరెంజ్ చెట్టుది. టెక్సస్, ఓక్లహోమా, ఆర్కన్సా సరిహద్దుల దగ్గర రెడ్ నది లోయ దాని పుట్టిల్లు. డాలస్ చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగువాళ్లు దాన్ని చూసే ఉంటారు. శరదృతువులో రోడ్ల పక్కన ఆకుపచ్చగా, ముడతలుముడతలుగా రాలిపడి, ఎవరూ తినని పెద్ద కాయలు ఆ చెట్టువే. దాని పసుపు చేవతో విల్లు చేసేవాళ్లు వీపున ఒకే ఒక వార్షిక వలయాన్ని ఎంచుకుని, కొస నుంచి కొసదాకా ఆ పొర ఎక్కడా తెగకుండా, ఓపికగా గీకుతూ పోతారు. వలయం ఎక్కడ మెలిక తిరిగితే వింటి వీపూ అక్కడ మెలిక తిరగాల్సిందే.

ఇలాంటి దుంగ అందరికీ దొరకదు. మనకు దొరికేది కలప డిపోలో కోసిన పలక. రంపానికి నార దారితో పనిలేదు, అది తిన్నగా పోతుంది. నార వంకర తిరిగిన చోటల్లా తెగి, దాని కొస వీపు పైకి తేలి ఉంటుంది. విల్లు లాగినప్పుడు సరిగ్గా అక్కడే పేడు లేస్తుంది. లేచిన పేడు కింద ఇంకొకటి, దాని కింద మరొకటి. అందుకని ఆ తెగిన నారల మీద, తెగని నార ఉన్న మరో బద్దను అతికిస్తాం. వీపు బద్ద వేయడానికి అసలు కారణం అదే.

ఈ ఆలోచన చాలా పాతది. ఉత్తర యూరప్‌లో లాప్లాండ్ మంచు అడవుల్లో రెయిన్‌డీర్లు మేపుకునే సామీలు రెండు చెక్కల విల్లు చేసేవాళ్లు. పొట్టకు పైన్ చెట్టునే తీసుకున్నా, అందులో కూడా ఒక వైపు ఒరిగి పెరిగిన చెట్టును ఎంచుకునేవాళ్లు. ఒరిగిన పైన్ చెట్టు తన బరువును ఆపుకోవడానికి కింది వైపు బరువైన, ఎర్రటి చెక్క పెంచుకుంటుంది. చెట్టు బతికినన్నాళ్లూ నొక్కుడుకు ఓర్చిన ఆ చెక్కే వింటి పొట్టకూ పనికొస్తుంది. వీపుకు బర్చి బద్ద. రెంటికీ మధ్య చేప చర్మాల జిగురు. 1732లో లాప్లాండ్ తిరిగిన వృక్షశాస్త్రవేత్త లినేయస్, సామీలు పెర్చ్ అనే చేప చర్మాలు ఉడికించి జిగురు చేసే పద్ధతిని తన దినచర్యలో రాసుకున్నాడు. నాకు ఈ సామీ విల్లంటే గొప్ప గౌరవం. ఆ మంచు అడవిలో పేరున్న వింటి కర్ర ఒక్కటీ లేదు. ఉన్న మామూలు చెట్లలోనే ఏది ఏ పనికి పుట్టిందో కనిపెట్టి, రెంటినీ జత చేశారు.

ఇంగ్లండులో 18వ శతాబ్దం చివర విలువిద్య వేడుకగా తిరిగి వచ్చినప్పుడు మంచి యూ కర్ర కరువైంది. ఆ తరవాత వెస్టిండీస్ దీవుల నుంచి వచ్చే లెమన్‌వుడ్, లాన్స్‌వుడ్ లాంటివి పొట్టకు పెట్టి, హికరీ, యాష్, ఎల్మ్ బద్దలు వీపున వేశారు. 1930లలో అమెరికాలో భౌతిక శాస్త్రవేత్తలు హిక్‌మన్, క్లోప్‌స్టెగ్ వింటి మీద లెక్కలు కట్టి, గుండ్రంగా లోతుగా ఉండే పాత ఇంగ్లీషు రెక్క కంటే వెడల్పుగా బల్లపరుపుగా ఉండే రెక్క మేలని చూపించారు. బల్లపరుపు రెక్క మీద బద్ద అతికించడమూ తేలికే. తరవాత ఫైబర్‌గ్లాస్ వచ్చి ఈ చర్చనంతా పక్కకు నెట్టింది. ఇప్పుడు మళ్లీ చేత్తో కర్ర విల్లు చేసేవాళ్లు పెరిగారు, చర్చ కూడా తిరిగి వచ్చింది.

బద్ద ఎంచుకునేటప్పుడు అందరూ మొదట అడిగేది, అన్నిటికంటే బలమైన చెక్క ఏదీ అని. ఆ ప్రశ్నతో మొదలుపెడితే దారి తప్పుతాం. లోపం లేని, ఎండిన కలప ఏదైనా సరే నార వెంబడి నొక్కుడు కంటే సాగుడుకే రెట్టింపో అంతకంటే ఎక్కువో ఓరుస్తుంది. కాబట్టి వీపుకు కావలసింది అదనపు బలం కాదు, తెగని నార. అదనపు బలం నిజానికి చెరుపు చేస్తుంది. రెక్క లోపల సాగే భాగానికీ నొక్కుకునే భాగానికీ మధ్య ఒక సరిహద్దు ఉంటుంది. వీపున బిగువైన, మందపాటి బద్ద వేస్తే ఆ సరిహద్దు వీపు వైపుకు జరుగుతుంది. వీపు సుఖంగా ఉంటుంది, ఆ కష్టం పొట్ట మీద పడుతుంది. పొట్ట చెక్క దానికి ఓర్వలేకపోతే వెంట్రుకంత సన్నని అడ్డగీతలు పడి నలుగుతుంది. కాడికి ఒక వైపు ఒంగోలు గిత్తను, ఇంకో వైపు పాలు మరవని కోడెను కట్టినట్టే. గిత్త బలం బండికి ఉపయోగపడదు, కోడె మెడ మాత్రం పుండవుతుంది. కనుక ముందు పొట్ట చెక్క ఏదో తేల్చుకోండి, ఆ తరవాత దానికి ఈడైన బద్దను వెతకండి.

హికరీ సంగతి చెప్తాను. అమెరికాలో గొడ్డళ్లకూ సుత్తులకూ పిడి వేసేది ఈ చెక్కతోనే. దెబ్బకు ఓర్చుకుంటుంది, విరిగినా ఒక్కసారిగా విరగదు. కోసిన ముక్క కొస నుంచి ఒక పేడు లాగి చూడండి, జానెడు పొడవున పీచులు పీచులుగా ఊడుతుంది. నార అక్కడక్కడ కాస్త పక్కకు తప్పినా క్షమించే గుణం దీనికి ఉంది. అందుకే మొదటిసారి విల్లు చేసేవాళ్లకు హికరీనే వీపుకు వేసుకోమంటాను. టెక్సస్‌లో పెరటి చెట్టుగా పెరిగే పెకాన్ కూడా హికరీ కుటుంబమే, వీపుకు అదీ పనికొస్తుంది. జత ఎవరు? ఇపే, ఓసేజ్, లెమన్‌వుడ్ లాంటి గట్టి పొట్టలు హికరీకి సరిజోడు. ఇపే నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువైన బ్రెజిల్ చెక్క, నొక్కుడుకు దిట్ట. ఎర్ర సిడార్ లాంటి తేలిక చెక్క పొట్టన ఉంటే మాత్రం హికరీని బాగా పలచన చేయాలి, వెడల్పు కూడా తగ్గించాలి. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

హికరీకి ఒక బలహీనత ఉంది. గాలిలో తేమను ఇష్టంగా పీల్చుకుంటుంది. వింటి కలపలో తేమ ఎనిమిది నుంచి పది శాతం దగ్గర ఉంటే బాగుంటుంది. మన కోస్తాలో, గాలిలో తేమ ఎనభై శాతం ఉండే రోజుల్లో, బయట వదిలేసిన చెక్క మెల్లగా పదిహేను, పదహారు శాతం దగ్గరికి చేరుతుంది. అలా మెత్తబడ్డ విల్లును లాగితే వంపు పడిపోతుంది, తిరిగి లేవదు. కాకినాడలోనో విశాఖలోనో విల్లు చేసుకునేవాళ్లు చెక్కను కోసిన వెంటనే అతికించకుండా, లోపల చిన్న బల్బు వెలిగే పొడవాటి పెట్టెలో కొన్ని వారాలు ఆరనివ్వాలి. విల్లు పూర్తయ్యాక నూనెతోనో వార్నిష్‌తోనో అన్ని వైపులా మూసేయాలి. ఆదిలాబాద్ వేసవిలో వచ్చే ఇబ్బంది దీనికి తిరగబడిన ఇబ్బంది. చెక్క మరీ ఎండి పెళుసవుతుంది.

మేపుల్ చెక్క హికరీ కంటే నునుపు, నార సమంగా సన్నగా ఉంటుంది. బాగా ఎంచితే చక్కని బద్ద. కానీ ఎంపికలో హికరీ చూపే దయ మేపుల్‌లో ఉండదు, నార తప్పిన చోట ఊరుకోదు. ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. అలలు అలలుగా, కన్నులు కన్నులుగా నిగనిగలాడే మేపుల్ పలక చూస్తే ఎవరికైనా మనసు పోతుంది. ఆ అలలన్నీ నార పైకీ కిందికీ తిరిగిన గుర్తులే. ఫిడేలు వెనక పలకకు ఆ అందం తగును. వింటి వీపుకు తీసుకోవద్దు.

యాష్, ఎల్మ్ పనికొస్తాయి. ఎల్మ్‌లో నారలు ఒకదానిలో ఒకటి చొచ్చుకుని ఉండి సులువుగా చీలవు. డెన్మార్క్‌లో హోల్మేగార్డ్ బురదనేలలో దొరికిన, వేల ఏళ్ల నాటి విల్లులు ఎల్మ్‌తో చేసినవే. అవి బద్ద లేని ఒంటి కర్ర విల్లులు. చెట్టు పై వలయమే వాటి వీపు.

ఏ చెక్కైనా సరే, పలకను ఎలా చదవాలో తెలియాలి. వెడల్పు ముఖం మీద గోపురాల్లా గీతలు కనిపిస్తే అవి వలయాలు పలక పైకి తేలిన చోట్లు. వాటిని చూసి మోసపోకండి. పక్క అంచు చూడండి, అక్కడ గీతలు కొస నుంచి కొసకు సాగాలి. మధ్యలో జారి పైకి వచ్చేస్తే ఆ పలక పక్కన పెట్టండి. ఇంతచేసినా గీతలు అన్నీ చెప్పవు, వలయం దారి ఒకటి, నార దారి ఒకటి కావచ్చు. దానికి సిరా పరీక్ష ఉంది. నున్నగా చిత్రిక పట్టిన ముఖం మీద, కలం ములికితో ఒక సిరా చుక్క పెట్టండి. సిరా నార వెంబడి పాకుతుంది. చుక్క నుంచి లేచిన సన్నని తోక పలక అంచుకు సమాంతరంగా ఉంటే నార తిన్నగా ఉన్నట్టు. పక్కకు వాలితే ఆ వాలు ఎంతో కోణమానినితో కొలవవచ్చు. అమెరికాలో మేపుల్ బేస్‌బాల్ బ్యాట్లు మైదానంలో ముక్కలై ఆటగాళ్ల మీదికి ఎగిరిపడుతున్నాయని, 2009 నుంచి మేజర్ లీగ్‌లో ప్రతి మేపుల్ బ్యాటు పిడి మీదా ఈ సిరా చుక్క పెట్టి, నార వాలు మూడు డిగ్రీలు దాటకూడదని నియమం పెట్టారు. వింటి వీపుకు నేను అంతకంటే కఠినంగా ఉంటాను. ఒక చుక్కతో తృప్తిపడను, జానెడుకొకటి పెట్టుకుంటూ పోతాను. ఎందుకంటే పలక ఒక కొసన తిన్నగా ఉండి మధ్యలో ఒక కొమ్మ ముడి దగ్గర పక్కకు తిరగవచ్చు.

పలకకు బదులు చీల్చిన చెక్క దొరికితే అంతకన్నా అదృష్టం లేదు. రంపం నారను కోస్తుంది, మేకు కొట్టి చీల్చితే చెక్క నార వెంబడే విడిపోతుంది.

ఇక వెదురు. నిజం చెప్పాలంటే నా మనసు ఇక్కడే ఉంది.

వెదురు చెట్టు కాదు, గడ్డి జాతి. దానికి వలయాలు లేవు, అడ్డ నారలు లేవు. కణుపుకూ కణుపుకూ మధ్య పీచులన్నీ నిలువునా, తిన్నగా పోతాయి. ఒక వెదురు ముక్కను అడ్డంగా నున్నగా కోసి, భూతద్దంతో అంచు చూడండి. పై తొక్క కింద చిన్నచిన్న నల్లటి చుక్కలు సందు లేకుండా క్రిక్కిరిసి ఉంటాయి. లోపలికి పోయేకొద్దీ చుక్కలు పెద్దవై ఎడమవుతాయి, మధ్యలో తెల్లటి బెండు లాంటి మెత్తని పదార్థం పెరుగుతుంది. ఆ చుక్కలే పీచుకట్టలు. ఇందాక చెప్పిన లెక్క గుర్తుందా? సాగుడు భారంలో సగం పైపాలు మోస్తుందని. వెదురు సరిగ్గా ఆ పైపాలులోనే తన పీచంతా పెట్టుకుంది. గాలికి ఊగే గడ్డిపోచ అవసరానికి పుట్టిన ఆ అమరిక వింటి వీపుకు అంతే అతుకుతుంది.

జపాను విల్లు యుమి ఈ మాటకు సాక్ష్యం. రెండు మీటర్లు దాటిన ఆ వింటి వీపూ పొట్టా రెండూ మదకె అనే వెదురే. లోపల వెదురు పుల్లలు, పక్కల హజె అనే చెట్టు చెక్క. జిగురు పూసి, తాడుతో చుట్టి, తాడు సందుల్లో వందకు పైగా మేకులు దిగ్గొట్టి, ఆ మేకుల ఒత్తిడితోనే వింటికి వంపు తెస్తారు. క్యూషూ దీవిలోని మియాకొనోజో పట్నం ఈ పనికి పేరు. అమెరికన్ విలుకాడు హోవర్డ్ హిల్ కూడా వెదురు పొరల విల్లునే కోరుకున్నాడు. 1938 నాటి రాబిన్ హుడ్ చిత్రంలో బాణాలు వేసింది ఆయనే.

వెదురు బద్ద తీసే తీరు చెప్తాను. లావుపాటి బొంగు కావాలి. సన్నని బొంగు నుంచి తీసిన బద్ద వీపు గుండ్రంగా ఉబ్బి, భారమంతా నడిమి గీత మీద పడుతుంది. మన అడవుల్లో లాఠీలకు వాడే సాధనం వెదురు గట్టిదే, దాదాపు డొల్ల లేనిదే, కానీ లావు తక్కువ. సన్నని వింటికి మాత్రమే దాన్ని వీపుగా తీసుకోవచ్చు. ముళ్ల వెదురులో బెత్తెడు దాటిన లావు, మందపాటి గోడ దొరుకుతాయి. మూడేళ్లు నిండిన బొంగు ఎంచుకోవాలి. లేత బొంగులో పీచు ముదరదు. వానలు వెళ్లాక, అందులో పిండిపదార్థం తగ్గే చలికాలంలో కొట్టాలి, లేకపోతే పురుగు పట్టి పొడి రాల్చేస్తుంది. సొంత చేలో పెంచిన వెదురు కొట్టడానికి 2017లో చట్టం మారాక అడ్డు తొలగింది. అడవి వెదురుకు మాత్రం అటవీ శాఖ నియమాలు ఉన్నాయి.

బొంగును నిలువునా చీల్చి, కణుపులు వీపు మధ్యన కాక రెక్కల మీద రెండు వైపులా సమంగా వచ్చేలా చూసుకోండి. అప్పుడు లోపలి వైపు నుంచి మాత్రమే పలచన చేయాలి. తెల్లటి బెండంతా పోవాలి. చిత్రిక పడుతూ, అంచులు మిల్లీమీటరు దగ్గరికి, నడుమ మూడు నాలుగు మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చేదాకా తీసుకుపోవాలి. పై వైపు చేయి పెట్టకూడదు. మైనంలాంటి పై మెరుపును గీరవచ్చు, అంతకు మించి కాదు. కణుపు దగ్గర ఉబ్బు ఉంటుంది, చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉందని దాన్ని నున్నగా అరగదీయాలనిపిస్తుంది. వద్దు. పీచులు ఆ ఉబ్బు మీదుగా ఎక్కి దిగుతాయి. ఉబ్బు తీసేస్తే అక్కడి పీచులన్నీ తెగినట్టే, విల్లు ఆ కణుపు దగ్గరే విరుగుతుంది.

వెదురు వీపుకు గట్టి పొట్టే కావాలి. ఇపే, ఓసేజ్ దొరికినవాళ్లకు చింత లేదు. మనవైపు నేను చూడమనే చెక్క తడ. దాన్నే చారచి అనీ అంటారు, హిందీలో ధామన్. తేలిగ్గా వంగి తిరిగి లేచే గుణానికి, బండి నొగలకూ కావడి బద్దలకూ పిడులకూ పేరుపడ్డ చెట్టు అది, వింటికి వాడిన చరిత్ర కూడా ఉంది. నల్లతుమ్మ చేవ బరువూ గట్టితనమూ ఉన్నదే, కాని వింటి పొడవున తిన్నని ముక్క దొరకడమే కష్టం. కౌటిల్యుడి అర్థశాస్త్రం వింటికి నాలుగు పదార్థాలు చెప్పింది: తాడి, వెదురు, కర్ర, కొమ్ము. తాడిలో కూడా పీచు బయటి వైపే చిక్కగా ఉంటుంది. అమెజాన్ అడవుల్లో ఈనాటికీ తాళజాతి చెక్కతోనే విల్లులు చేస్తారు. మన తాటి చేవను పలచని వీపు బద్దగా ఎవరైనా శ్రద్ధగా పరీక్షించి చూడాలని నా కోరిక. జాతీయ పోటీల్లో వెదురు విల్లుతో ఆడే ఇండియన్ రౌండ్ విభాగం ఉంది. అందులో ఆడే పిల్లలకు మన చెక్కలతో మంచి విల్లు అందితే అంతకంటే ఏం కావాలి!

నరం, పచ్చితోలు, పట్టు, నారబట్ట కూడా వీపుకు అతికిస్తారు. కాలిఫోర్నియాలో ఇషి అనే యాహి తెగ మనిషి జూనిపర్ వింటికి నరాలు అతికించేవాడు, ఆ విద్య పోప్ అనే వైద్యుడికి నేర్పాడు. అది చెక్క మాట కాదు కనుక ఇక్కడితో వదిలేస్తాను.

హికరీ అయినా వెదురు అయినా పొట్టకంటే బలంగా ఉందనిపిస్తే చేయవలసిన పని ఒకటుంది. ఇందాక వాయిదా వేసినది ఇదే. రెక్కను అడ్డంగా కోస్తే నాలుగు పలకలు సమానంగా కాక, వీపు ఇరుకుగా, పొట్ట వెడల్పుగా కనిపించాలి. పక్కలను వీపు వైపుకు ఏటవాలుగా చెక్కితే వీపు వెడల్పు నాలుగోవంతు దాకా తగ్గుతుంది. వీపుకు బలం ఎలాగూ మిగులే, కాస్త తగ్గినా ఏమీ కాదు. పొట్ట భారం ఎక్కువ వెడల్పు మీద పంచుకుని నలగకుండా ఉంటుంది, రెక్క బరువు కూడా తగ్గుతుంది. ఇది చేయడానికి పది నిమిషాల ఆకురాయి పని చాలు. ఫలితం మాత్రం వింటికి ఏళ్ల తరబడి దక్కుతుంది.

అతుకు గురించి రెండు మాటలు. రెండు ముఖాలూ ఎక్కడా వెలుతురు దూరనంత సరిగ్గా కలవాలి. ఇపే లాంటి నూనె చెక్కను అతికించే ముందు అసిటోన్‌తో తుడవాలి. మామూలు తెల్ల జిగురు ఎప్పుడూ లాగుడులో ఉండే అతుకు దగ్గర వేడికి మెల్లగా జారుతుంది. నేనైతే రిసార్సినాల్‌నో, మంచి ఎపాక్సీనో వాడతాను. అతికించేటప్పుడు విల్లును వెనక్కి, అంటే లాగే వైపుకు ఎదురుగా, రెండు మూడు అంగుళాలు వంచి బిగించండి. బిగించడానికి సైకిల్ ట్యూబును పొడవుగా కోసిన పట్టీలకు మించింది లేదు. ఒత్తిడి ప్రతి అంగుళం మీదా సమంగా పడుతుంది. జిగురు ఆరాక గీకుడంతా పొట్ట వైపే. మందం పదోవంతు తగ్గిస్తే బిగువు నాలుగోవంతుకు పైగా తగ్గుతుంది కాబట్టి, చిత్రిక పక్కన పెట్టి గాజు పెంకుతోనో గీకుడు రేకుతోనో కొంచెం కొంచెంగా తీయాలి. తీసిన ప్రతిసారీ కొంచెం లాగి వదిలి, రెండు రెక్కలూ ఒకేలా వంగుతున్నాయో లేదో చూసుకోవాలి. ఎపాక్సీతో అతికించిన విల్లును మే నెల ఎండలో మూసిన కారులో వదిలేయకండి, అక్కడి వేడికి ఆ అతుకు మెత్తబడుతుంది.

మొదటిసారి పూర్తిగా లాగేటప్పుడు ముఖం దగ్గరికి లాగకండి. గోడకు మేకు వేసి, తాడూ కప్పీ కట్టి దూరంగా నిలబడి లాగండి. టిక్కుమన్న చిన్న చప్పుడు వినిపిస్తే వెంటనే వదిలేసి, వెలుతురులోకి తెచ్చి వీపంతా వేలితో నిమరండి, పాత పట్టుబట్ట ముక్కతో తుడిస్తే ఇంకా మేలు. పేడు ఎక్కడ లేచినా పోగు చిక్కుకుంటుంది. అది గోరంత పేడైతే, పల్చటి సూపర్ గ్లూ చుక్క దాని కిందికి పాకనిచ్చి, ఒత్తి పట్టి, ఆరాక ఆ చోట పట్టుదారంతో దగ్గరదగ్గరగా చుట్టు వేసి జిగురు పూయండి. అలాంటి కట్టు వేసిన విల్లు చాలా ఏళ్లు పనిచేస్తుంది. అరంగుళం దాటిన పేడు లేస్తే ఆ బద్దను పూర్తిగా గీకేసి, కొత్త బద్ద వేసుకోవాలి. పొట్ట బాగుంటే విల్లు మళ్లీ బతుకుతుంది.